నోరు, వేళ్లు, మౌసు

బాన్సువాడకు కంప్యూటర్ తెచ్చింది నేనేనని మొన్న ఫ్యాక్టరీలో నా వీడ్కోలు సభలో ఒకాయన మైకులో చెప్పాడు. తెచ్చింది లారీ. డబ్బాలు ఎక్కడ కింద పడతాయోనని చూసుకుంటూ నేను దాని వెనక స్కూటర్ మీద వచ్చాను.

అదే సభలో ఇంకో మాట కూడా అన్నారు. ఫ్యాక్టరీకి రాకముందు నేను నేర్పిన మొదటి బ్యాచ్ వాళ్లందరూ బాగుపడ్డారట, ఒక్క బిచ్కుంద ఆమె తప్ప. "ఆమె క్లాసుకు వస్తే గద సార్ బాగుపడేది" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. శాలువా కప్పుకొని నేనూ నవ్వాను. లారీ సంగతి సరదాకి సరిదిద్దాను. ఈ రెండో మాటను పుట్టించింది నేనే కాబట్టి దాన్ని సరిదిద్దాల్సింది కూడా నేనే.

ఇప్పుడు మండలానికొక శిక్షణ కేంద్రం ఉంది, మనిషికొక ల్యాప్‌టాప్ ఉంది. నిరుద్యోగులకు కంప్యూటర్ నేర్పుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదివితే మంచిదే. మీకు ఉపయోగపడుతుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం రాయక తప్పదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పని లేని యువతకు ఉచితంగా కంప్యూటర్ నేర్పి ఉద్యోగాలకు సిద్ధం చేసే పథకం ఒకటి వచ్చింది. నిజామాబాదులో ఉండే ఒకాయన దాన్ని పట్టుకొని, బాన్సువాడ బస్టాండు వెనక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకొని, నన్ను మాస్టరుగా పెట్టాడు. నా అర్హత హైదరాబాదులో చేసిన ఆరు నెలల కోర్సు. ఆ ఆరు నెలల్లో రెండు నెలలు కరెంటు లేదు, ఒక నెల మాస్టరు లేడు. నాకు కంప్యూటర్ వచ్చు అంటే, చుట్టుపక్కల నాకన్నా రాని వాళ్లే ఉన్నారని అర్థం.

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి రావాలి. దుమ్ము పడితే పాడవుతుందని మానిటర్లకు గుడ్డ ముసుగులు వేసేవాళ్లం. ప్రారంభం రోజు మా ఓనరు భక్తిగా కొబ్బరికాయ కొడితే ఆ నీళ్లు ఒక కీబోర్డులోకి, అక్కణ్నుంచి కింద ఉన్న డబ్బాలోకి పోయాయి. ఐదు కంప్యూటర్లలో ఒకటి రిబ్బను కత్తిరించక ముందే పోయింది. మిగిలినవి నాలుగు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ముప్పై ఆరు మంది.

నేను వాళ్లను మూడు బ్యాచులు చేశాను. బ్యాచ్‌కు పన్నెండు మంది, కంప్యూటర్‌కు ముగ్గురు. మధ్య కుర్చీలో మనిషి కీబోర్డు కొడతాడు. కుడి పక్క మనిషి మౌసు పట్టుకుంటాడు. ఎడమ పక్క మనిషి కాగితం చూసి పైకి చదువుతూ, తర్వాత ఏం తెరవాలో, ఏం నొక్కాలో చెబుతాడు. వేళ్లు, మౌసు, నోరు అని నేనే పేర్లు పెట్టాను. వారానికొకసారి కుర్చీలు మార్చాలని నా ఆలోచన. మొదటి వారం తర్వాత మార్చి చూస్తే ఎవరికీ ఏమీ రావడం లేదు. సరిగ్గా అప్పుడే జిల్లా నుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. గబగబా అందరినీ పాత కుర్చీల్లోకి తోలాను. ఆఫీసరు వచ్చేసరికి నాలుగు కీబోర్డులూ టకటకా మోగుతున్నాయి. "వెరీ గుడ్" అని బిస్కెట్లు తిని, మిగిలినవి రుమాల్లో కట్టుకొని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను కుర్చీలు మార్చలేదు. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి అనుకున్నాను. నడుస్తున్నవి కంప్యూటర్లని, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారని నాకు తట్టలేదు.

మొదటి బ్యాచ్‌లో మొదటి కంప్యూటరు ముందు కూర్చునే ముగ్గురంటే నాకు గర్వం. వేళ్లు కోటగిరి దగ్గర క్యాంపు నుంచి వచ్చే కుర్రాడివి. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నారు; అలాంటి ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. వాడు కీబోర్డు కొడితే వాన పడినట్టుండేది. మౌసు బాన్సువాడలో ఆటో నడిపే అతనిది. మౌసును కూడా ఆటో హ్యాండిల్ తిప్పినట్టే తిప్పేవాడు. నోరు బిచ్కుంద నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకామెది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. బ్యాచ్‌లో అందరికన్నా పెద్దది కాబట్టి అందరూ అక్క అనేవారు, నేను కూడా.

అక్క డిగ్రీ పాసైంది, ఇంట్లో బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే రోజుకు వెయ్యి బీడీలు. వాళ్లమ్మ కూడా అదే పని చేసి, తంబాకు దుమ్ముకు ఛాతీ పాడై, నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోయేదట. ఆ దగ్గు తనకు పట్టకముందే చాట కింద పెట్టాలని అక్క పంతం. అన్నను అడిగి నాలుగు నెలల గడువు తెచ్చుకుంది. ఆ లోపల నౌకరి దొరికితే సరే, లేకపోతే మళ్లీ చాట. పెళ్లికాని చెల్లెలు రోజూ బస్సెక్కి బాన్సువాడ పోతుంటే వాడకట్టులో ఎవరేమంటారోనని ఆయనకు భయం. అయినా పంపాడు.

బిచ్కుందలో ఆమెంత వేగంగా వేళ్లు కదిపేవాళ్లు లేరు. అటువంటి మనిషిని నేను నోరుగా కూర్చోబెట్టాను. కారణం, ఆ ముగ్గురిలో ఇంగ్లీషు తడుముకోకుండా చదివేది ఆమె ఒక్కతే.

ఆమె ఊరుకోలేదు, అడిగింది.

"సార్, నన్ను గూడ జర కీబోర్డు మీద కూసోబెట్టు."

"నువ్వు లేస్తే గీ ఇద్దరికి ఏం కొట్టాల్నో ఎవరు చెప్తరక్కా?"

"గాళ్లకు నోర్లు లెవ్వా?"

"ఉన్నయక్కా," అన్నాడు ఆటో అతను. "గని అవి ప్యాసింజర్లను పిలువనీకె పనికొస్తయి. ఇంగ్లీషుకు ఇజ్జత్ పోతది."

నవ్వుకున్నాం. ఆమె రెండోసారి అడిగింది. పరీక్షలయ్యాక చూద్దాం అన్నాను. మూడోసారి అడిగినప్పుడు అందరి ముందు, "నువ్వు మైకువక్కా. మైకు టైపు కొడ్తదా?" అన్నాను. ఆమె మరాఠీలో ఏదో అంది. బిచ్కుంద మహారాష్ట్ర సరిహద్దులో ఉంది, అటువైపు వాళ్లకు కోపమొస్తే మరాఠీ వస్తుంది. నాకు ఆ భాష రాకపోవడం నా మర్యాదకు మంచిదైంది.

నాలుగో నెల చివర్లో దగ్గర్లోని ఒక చెరకు ఫ్యాక్టరీ వాళ్లు తూకం గదిలో కంప్యూటర్ పెట్టారు. బండి నంబరు, రైతు పేరు, ఊరు, బరువు కొడితే చిట్టీ బయటికి వస్తుంది. దానికి ఒక ఆపరేటర్ కావాలి. ఉన్నది ఒకే ఉద్యోగం. ఫ్యాక్టరీ మేనేజరు మా సెంటర్‌కే వచ్చి మొదటి బ్యాచ్‌కు పరీక్ష పెడతానన్నాడు. అక్క ఆ వారమంతా మహా హుషారుగా ఉంది. "సార్, చాట మా వదినకు ఇచ్చేస్తున్న" అని కూడా చెప్పింది. నేను అందరికీ చొక్కాలు ఇస్త్రీ చేసుకొని రమ్మన్నాను. పరీక్షకు నేను చేసిన ఏర్పాటు అంతే.

మేనేజరు కోస్తా వైపు ఆయన, తెల్లజుట్టు మనిషి. గదిలోకి రాగానే ప్రతి కంప్యూటర్ ముందూ రెండేసి కుర్చీలు తీయించాడు.

"ఒక్కొక్కరే కూర్చోండి. కాగితంలో ఉన్నది కొట్టి, ప్రింటు తీసి నాకివ్వండి. పావుగంట."

ఆ కుర్చీలను నేనే గోడవారకు చేర్చాను.

క్యాంపు కుర్రాడు దర్జాగా కూర్చొని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి, అలాగే ఉండిపోయాడు.

"మొదలుపెట్టవయ్యా," అన్నాడు మేనేజరు.

"చెప్పండి సార్."

"ఏం చెప్పమంటావ్?"

"ఏం కొట్టాలో అండి."

"కాగితం నీ ముందే ఉంది గదా. నువ్వు వాయిస్తావు, నన్ను పాడమంటావా?"

వాడు కాగితం చూస్తే వేళ్లు ఆగాయి, వేళ్లు చూస్తే వరస తప్పాడు. ఆటో అతను కుడిచేత్తో మౌసును వదలకుండా, ఎడమచేతి చూపుడువేలుతో అక్షరాలు వెతుక్కున్నాడు. పావుగంట అయ్యేసరికి బండి నంబరు మాత్రం వచ్చింది, రైతు సగమే పుట్టాడు. మిగతా కంప్యూటర్ల దగ్గర కూడా ఇదే తంతు. నేను నేర్పింది పన్నెండు మందికి కాదని, నలుగురికని, ఆ నలుగురూ ముక్కలుగా తప్ప లేరని అప్పుడు తెలిసింది.

అక్కకు కాగితం చూడగానే పని మొత్తం అర్థమైంది. ఏది తెరవాలి, ఏ గడిలో ఏముండాలి, ప్రింటు ఎలా తీయాలి, అన్నీ తెలుసు. ఏ అక్షరం ఎక్కడుందో మాత్రం తెలియదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటీ వెతుక్కుంది. గడువు ముగిసేసరికి నాలుగు వరసలు అయ్యాయి. అందులో ఒక్క తప్పు లేదు.

లేచి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, నాకు పనంత తెలుసు. అక్షరాలు ఏడున్నయో తెల్వదు, అంతే. పది రోజులు టైమియ్యి. చేసి చూపిస్త."

ఆయన ఆమెను, ఆమె తీసిన కాగితాన్ని చూశాడు. "బయట కూర్చోమ్మా, చెబుతాను" అన్నాడు. ఆమె మెట్ల దగ్గరికి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి నా వైపు తిరిగాడు.

"ఏవండీ మాస్టారూ, ఆ అమ్మాయికి బుర్ర ఉందండీ. నాలుగు నెలలు నేర్చుకున్నాక అక్షరాలెక్కడున్నాయో తెలీకపోవడమేంటి?"

జవాబు చాలా చిన్నది. నేను ఆమెను కీబోర్డు ముట్టనివ్వలేదు సార్. ఐదు మాటలు. అవి చెబితే ఆయన పది రోజులు ఇచ్చేవాడే. కానీ ఆయన జిల్లా ఆఫీసులో చెబితే సెంటర్ మూతపడుతుందని, నా మాస్టరు వేషం ఊడుతుందని నాకు భయం వేసింది.

"ఆమె క్లాసులకు సరిగ్గా రాలేదు సార్. వారంలో రెండు రోజులు వస్తే ఎక్కువ," అన్నాను.

హాజరు రిజిస్టరు నా బల్ల మీదే ఉంది. నాలుగు నెలల్లో ఆమె సంతకం లేని రోజు అందులో లేదు. మేనేజరు చెయ్యి అటు రావడం చూసి రిజిస్టరు మీద మోచెయ్యి ఆనించాను. ఆయన చెయ్యి చాపింది పక్కనున్న పెన్ను కోసం.

"అలాగా," అన్నాడు. "మరి సీజను మొదలైపోతోంది. పోనీ మీరే వచ్చి కూర్చోండి. ఒక నెల రోజులు నడిపి, ఈలోగా ఎవరినైనా తయారు చేసిపెట్టండి. ఆ తర్వాత మీ సెంటరు మీరు చూసుకుందురుగాని."

సరేనన్నాను. సెంటరు జీతంతో పోలిస్తే ఫ్యాక్టరీ జీతం దొరల జీతం. మెట్ల మీద కూర్చున్న అక్కకు, ముందు నేర్చుకో, తర్వాత చూద్దామన్నారని నేనే చెప్పి పంపాను.

నేను గమనించనిది ఒకటుంది. మేనేజరు జీపు డ్రైవరు తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. అతనిది బిచ్కుంద.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం, తూకం గది బయట చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా అక్క వచ్చింది.

"సార్, జర లెవ్వు."

"ఎందుకక్కా?"

"కూసుంట."

లేచాను. ఆమె కూర్చుంది. బయట లైన్‌లో ఉన్న ఒక ముసలాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఏంది, గీ బిడ్డను కూసోబెట్టిన్రు. మా చెరుకు గీడనే ఎండుతదా ఏంది?" అన్నాడు.

"నీ పేరు, ఊరు చెప్పు తాతా. ఎండకముందే చిట్టీ ఇస్త."

ఇచ్చింది. తర్వాతి ట్రాక్టరుకు ఇచ్చింది. ఆ తర్వాతి దానికీ ఇచ్చింది. ఆమె నాకన్నా వేగంగా కొడుతోంది. కొంచెం కాదు, చాలా. అరగంటలో లైను సగమైంది.

"ఎట్ల నేర్చుకున్నవక్కా?"

"క్యాంపు తమ్ముడు అట్ట మీద కీబోర్డు గీసిచ్చిండు. చాటల పెట్టుకొని కొట్టిన. మా అవ్వ నాకు దయ్యం పట్టిందని నిమ్మకాయ కట్టిచ్చింది." జాకెట్టు చేతికి కట్టిన తాడు చూపించింది. తర్వాత నవ్వు ఆపింది. "ఇగ మేనేజర్ సార్‌ను పిలువు. ఇంకో ముచ్చట సార్. నేను క్లాసుకే పోలేదని మా అన్నకు ఎవరో చెప్పిన్రట. క్లాసుకు పోకుంటె నాలుగు నెలలు ఏడ తిరిగినవని రోజు ఒకటే అడుగుడు. నన్ను నమ్ముతలేడు. నువ్వు సారువు, నువ్వు చెప్తె నమ్ముతడు. గా రిజిస్టర్ జర చూపియ్యి."

"ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను. మొహం ఏమాత్రం మారకుండా అడిగాను. అప్పట్లో నాకు బాగా వచ్చిన విద్య అదే.

"తెల్వదు. పేరు చెప్తలేడు."

ఆమె వీపు వెనకాల ఇంకో కిటికీ ఉంది. అందులోంచి ఎదురు వరండాలో ఎవరితోనో మాట్లాడుతున్న మేనేజరు తెల్లజుట్టు నాకు కనబడుతోంది. కేకేస్తే పలుకుతాడు. నెల రోజుల్లో ఒక మనిషిని తయారు చేయమన్నాడు ఆయన. తయారైన మనిషి నా కుర్చీలో కూర్చొని ఉంది. పదకొండు రోజులకే ఆ కుర్చీ నాకు అలవాటైపోయింది.

"మేనేజర్ సార్ నిజామాబాద్ పోయిండు," అన్నాను. "రిజిస్టర్ ఓనర్ తీస్కపోయిండు. వచ్చే వారం నేనే బిచ్కుంద వచ్చి మీ అన్నతోని మాట్లాడుత."

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. "మంచిది సార్" అని లేచి వెళ్లిపోయింది.

ఆ వచ్చే వారం రాలేదు. ఆమె ఇంకో రెండుసార్లు గేటు దాకా వచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు. లోపల పనుందని రెండుసార్లూ చెప్పించాను. నెల దాటాక మేనేజరు ఇంకెవరైనా తయారయ్యారా అని అడిగితే, ఈ పిల్లలకు శ్రద్ధ లేదు సార్ అన్నాను. సెంటర్ మూతపడింది. నేను తూకం గదిలో ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నాను. అక్క గురించి నేను చెప్పిన మాట ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒక జోకుగా మారి, నాతోపాటే సీనియర్ అయింది.

ఆటో అతను ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అసలు సంగతి కొంత అతనికి తెలుసు. తను బిచ్కుంద వెళ్లి సాక్ష్యం చెబుతానని అప్పుడే అక్కతో అన్నాడట. "నీకు దండం తమ్మీ, రాకు" అందట ఆమె. నిజమే. ఆటో నడిపే మగపిల్లవాడు వచ్చి, నాలుగు నెలలు మీ చెల్లె నా పక్కనే కూర్చుంది అంటే ఆ అన్న ఊరడిల్లేవాడా? చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్నే.

సభ అయిన మూడో రోజు బిచ్కుంద బస్సెక్కాను.

ఆమె అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఒళ్లో చాట. జుట్టు సగం నెరిసింది. పెళ్లి చేసుకోలేదు. దానికి కూడా నేనే కారణమని చెప్పుకుంటే అదొక గొప్ప అవుతుంది, కాబట్టి చెప్పను. మాటకూ మాటకూ మధ్య దగ్గుతోంది.

"గుర్తుపట్టినవా అక్కా?"

"మర్శిపోతె గద సార్ గుర్తువట్టుడు. కూసో."

చెప్పడం మొదలుపెట్టాను. కుర్చీలు మార్చకపోవడం, మేనేజరు అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు, రిజిస్టరు మీద మోచెయ్యి. ఆమె వేళ్లు ఆగలేదు. ఆకు, తంబాకు, దారం, మళ్లీ ఆకు. తూకం గది కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగాయి.

"మేనేజర్ కనవడ్డడా నీకు?"

"కనవడ్డడక్కా."

"బయటికి వచ్చినంక నేను జీపు చూసిన. జీపు గీడ ఇడిసిపెట్టి నిజామాబాద్ ఎట్ల పోయిండు అనుకున్న. మల్ల, సారు గదా, నాతోని ఎందుకు అబద్ధమాడుతడు అనుకున్న."

"తప్పయిందక్కా," అన్నాను. "నువ్వు ఒక్క రోజు గూడ నాగా పెట్టలేదు."

ఆమె దగ్గి, గొంతు సవరించుకొని, నా వైపు చిత్రంగా చూసింది.

"నాకెందుకు చెప్తున్నవ్ సార్? నేను క్లాసుకు వచ్చిన్నని నాకు తెల్వదా?"

చాట పక్కన పెట్టింది. కొంగుతో ఒళ్లు దులుపుకొని ఇంట్లోకి తిరిగి కేకేసింది.

"అన్నా, ఓ అన్నా. జర బయటికి రా. బాన్సువాడ కంప్యూటర్ సారు వచ్చిండు."

అరవై దాటిన మనిషి గుమ్మం పట్టుకొని మెల్లగా బయటికి వచ్చాడు. నన్ను ఎగాదిగా చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె ఆయన్ను భుజం పట్టి నా ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఇగ చెప్పు సార్," అంది. "మొదటి సంది చెప్పు. గట్టిగ చెప్పు, ఆయనకు సరిగ్గ ఇనవడది."

పక్కింటి గోడ మీదుగా ఇద్దరు ఆడవాళ్లు తలలు పెట్టి చూస్తున్నారు. దారిన పోయే సైకిల్ ఒకటి ఆగింది. నేను గొంతు పెంచి, కొబ్బరికాయ నీళ్ల నుంచి మొదలుపెట్టాను.